ముందు ఎర్తు, తర్వాతే ఏసీ

2024 ఏప్రిల్ 30. ఖరగ్‌పూర్ పక్కనే, వైమానిక స్థావరం ఉన్న కలైకుండాలో ఆ రోజు 47.2 డిగ్రీల ఉష్ణోగ్రత నమోదైంది. ఎండాకాలం వార్తల్లో రెంటచింతల, రామగుండం పేర్లు వింటూ పెరిగిన మనకు ఆ అంకె మరీ కొత్త కాదు. బెంగాల్‌కి మాత్రం కొత్తే. ఎర్రమట్టి నేల పగలంతా కాగి, రాత్రి పది దాటినా ఆవిరి చిమ్ముతూ ఉంటే, పసిపిల్లలూ బీపీ మాత్రలు వేసుకునే పెద్దవాళ్లూ ఉన్న ఇంట్లో ఏసీని భోగం అనడానికి ఎవరికీ నోరు రాదు.

కొనే ముందు నాలుగు దుకాణాలు తిరుగుతాం. ఎన్ని స్టార్లు, ఎన్ని వాయిదాలు, కంప్రెసర్‌కి ఎన్నేళ్ల గ్యారంటీ అని అడుగుతాం. ఆ పెట్టెకి గోడలోంచి కరెంటు తెచ్చే తీగ గురించి మాత్రం ఒక్క ప్రశ్నా అడగం. ఖరగ్‌పూర్‌లో ఆ ప్రశ్న అడగకపోవడం నాకు ప్రత్యేకంగా బాధ కలిగిస్తుంది. ఎందుకంటే దానికి జవాబు తెలిసిన మనుషులు ఇక్కడ వీధికి పదిమంది ఉన్నారు.

బెంగాల్ నాగపూర్ రైల్వే 1887లో పుట్టింది. ఆ శతాబ్దం చివరికి ఖరగ్‌పూర్ జంక్షన్ అయింది, పెద్ద వర్క్‌షాపు వెలిసింది. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం వైపు ఊళ్ల నుంచి మనవాళ్లు అదే లైను పట్టుకుని వచ్చి ఫిట్టర్లయ్యారు, ఫైర్‌మన్లయ్యారు, గ్యాంగుల్లో చేరారు. నింపురా, మథురాకాటి, ఓల్డ్ సెటిల్‌మెంట్ వైపు నడిస్తే ఈనాటికీ తెలుగు చెవిన పడుతుంది. ఊళ్లో ఆంధ్రా హైస్కూల్ ఉంది. తర్వాతి కాలంలో రాష్ట్రపతి అయిన వి.వి. గిరి, ఉద్యోగాల్లోంచి తీసేసిన కార్మికుల కోసం 1928లో సమ్మె నడిపించింది ఈ రైల్వేలోనే. పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం తెలుగుకు అధికార భాషగా గుర్తింపు ఇవ్వాలని 2020 డిసెంబరులో నిర్ణయించినప్పుడు ఖరగ్‌పూర్ పేరే ముందు వినిపించింది. నాలుగు తరాలుగా ఇనుముతోనూ ఆవిరితోనూ కరెంటుతోనూ బతికిన జనం వీళ్లు. అందుకే ఇంట్లో ఏసీ వైరింగు గురించి రాయడానికి ఇంతకన్నా తగిన ఊరు నాకు కనపడలేదు.

25 వేల వోల్టుల దగ్గర నేర్చిన వరస

ఖరగ్‌పూర్ మీదుగా పోయే ఎలక్ట్రిక్ రైళ్లు 25 వేల వోల్టుల తీగ కింద నడుస్తాయి. భారతీయ రైల్వే ఈ పద్ధతిని 1957లో ఎంచుకుంది. ఆ తీగ మీద పని చెయ్యాలంటే ముందు ట్రాక్షన్ పవర్ కంట్రోలర్ దగ్గర పవర్ బ్లాక్ తీసుకోవాలి. సప్లై ఆపేసినట్టు పర్మిట్ చేతికి రావాలి. పర్మిట్ వచ్చినా తీగను ముట్టుకోరు. పొడుగాటి డిశ్చార్జ్ రాడ్డు తెచ్చి, దాని ఎర్తు కేబుల్ కొసను ముందు కింద బిగిస్తారు. ఆ తర్వాతే పై కొక్కేన్ని తీగకు తగిలిస్తారు. పనిచేసే చోటుకు అటొకటి, ఇటొకటి. పక్క లైన్లో కరెంటు పారుతుంటే ఆపేసిన తీగలో కూడా వోల్టేజీ పుడుతుంది కాబట్టి ఆఫ్ చేశామన్న మాట మీద ఎవరి ప్రాణాన్నీ వదిలిపెట్టరు. పని అయ్యాక వరస తిరగబడుతుంది. ముందు కొక్కెం తీస్తారు, ఆఖర్న ఎర్తు విప్పుతారు.

ఇప్పుడు మీ ఇంట్లో మూడు పిన్నుల ప్లగ్గు ఒకటి చేతిలోకి తీసుకుని చూడండి. పైనున్న పిన్ను మిగతా రెంటికన్నా పొడుగు, లావు. ప్లగ్గు గుచ్చేటప్పుడు ముందు తగిలేది అదే. లాగేటప్పుడు ఆఖర్న వదిలేది అదే. 25 వేల వోల్టుల దగ్గర పాటించే వరసే 230 వోల్టుల దగ్గరా ఉంది. ఎర్తు ముందు కలవాలి, అన్నిటికన్నా వెనక విడిపోవాలి. ఏసీ వైరింగులో ఇదొక్కటి మనసులో పెట్టుకుంటే తక్కిన జాగ్రత్తలన్నీ దానికి ఆనుకునే వస్తాయి.

మంచి ఎలక్ట్రీషియన్ టెర్మినల్ దగ్గర తీగలు కత్తిరించేటప్పుడు పచ్చ రంగు ఎర్తు తీగను తక్కిన రెంటికన్నా అంగుళం పొడుగు వదులుతాడు. రేపు ఎవరైనా కేబుల్ పట్టుకుని లాగినా, బిగింపు జారినా ముందు ఫేజు ఊడుతుంది. ఎర్తు నిలబడుతుంది. మీ ఇంటికొచ్చిన మనిషి పనివాడా కాదా తెలియాలంటే ఆ అంగుళం చూస్తే చాలు.

ఇద్దరి మధ్య ఖాళీ

ఏసీ ఇంటికొచ్చిన రోజు మాటలు చాలా ఇళ్లలో ఇంచుమించు ఇలాగే సాగుతాయి.

"పిన్నీ, పాయింటు ఎక్కడుంది?"

"అదుగో బాబూ, గీజరు కోసం పెట్టించిందే. లావు ప్లగ్గే పడుతుంది."

"ఎర్తింగు ఉందా?"

"ఉండే ఉంటుంది. క్వార్టరు కదా."

"ఫ్రిజ్ ఏమైనా షాకు కొడుతుందా?"

"తడి చేత్తో ముడితే కొంచెం జిల్లుమంటాది. చెప్పులేసుకుని ముట్టుకుంటాం."

ఆఖరి మాట దగ్గర పని ఆగిపోవాలి. జిల్లుమంటోందంటే ఆ ఇంట్లో ఎర్తు లేదు, లేదా ఎక్కడో తెగిపోయింది. అలాంటి గోడకు ఇంకో పెద్ద ఇనప పెట్టె తగిలించకూడదు. కానీ పని ఆగదు. ఎందుకంటే ఏసీ బిగించడానికి వచ్చిన కుర్రాడి పని గోడకు యూనిట్ వేలాడదీయడం, రాగి గొట్టాలు కలపడం, వాక్యూమ్ పట్టడం, గ్యాసు వదలడం. సాకెట్ దాకా తీగ తేవడం అతని పని కాదు. ఇంటి వైరింగు చేసిన ఎలక్ట్రీషియన్‌కేమో ఆ సాకెట్లో రేపు ఏం గుచ్చుతారో తెలియదు. ఇద్దరూ ఎవరి పని వాళ్లు సరిగ్గానే చేసి వెళ్లిపోతారు. మధ్యలో మిగిలిన ఖాళీకి బాధ్యుడు ఎవరూ ఉండరు. నిప్పు పుట్టేది ఆ ఖాళీలోనే.

అందుకే వరస మార్చాలి. ఏసీ బుక్ చెయ్యడానికి ముందే లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్‌ని పిలిపించి మెయిన్ బోర్డు చూపించాలి. మన దేశపు విద్యుత్ భద్రతా నిబంధనల ప్రకారం కొత్త వైరింగు పని లైసెన్సు ఉన్న కాంట్రాక్టరు చేతి మీదుగానే జరగాలి. రైల్వే క్వార్టరైతే అది మన ఇల్లు కాదు. గోడలోని తీగ మీద చెయ్యి వెయ్యాలంటే రైల్వే ఎలక్ట్రికల్ శాఖకు చెప్పి, వాళ్ల ఒప్పుదల తీసుకునే చెయ్యాలి. సొంతిల్లయితే రాష్ట్ర విద్యుత్ పంపిణీ సంస్థ దగ్గర మన పేరు మీద ఎన్ని కిలోవాట్ల లోడు మంజూరై ఉందో బిల్లులో చూసుకుని, తక్కువుంటే పెంచుకోవాలి. బయట లోడు పెంచకుండా లోపల ఎంత మంచి వైరు లాగినా మీటరు ముందున్న తీగ, దాని జాయింట్లు ఆ భారం మోయాల్సిందే.

పాత క్వార్టర్ల సంగతి వేరే చెప్పాలి. ఎత్తైన కప్పులు, మందపాటి గోడలు, గాలి ఆడే వరండాలతో ఏసీ అన్న ఊహే లేని రోజుల్లో కట్టినవి అవి. రెండు లైట్లు, ఒక ఫ్యాను, ఒక రేడియో వాటి లెక్క. చెక్క పట్టీల మీద పరిచిన తీగలు, పింగాణీ ఫ్యూజులు నాకు తెలిసిన చాలా పాత ఇళ్లలో మొన్నమొన్నటి దాకా ఉన్నాయి. ఫ్యూజు తీగ మాటిమాటికీ కాలిపోతోందని దాని బదులు లావు రాగి తీగ చుట్టే అలవాటు ఒకటుంది. ఫ్యూజు కాలిపోయిందంటే అది తన పని తాను చేసిందన్నమాట. దాని నోరు నొక్కేస్తే ఆ పని గోడలోని తీగ చెయ్యాల్సి వస్తుంది. అంటే తీగే కాలుతుంది.

తీగ లెక్క

ఒకటిన్నర టన్నుల ఏసీ గదిలోంచి తోడేసే వేడి 5.2 కిలోవాట్ల పైచిలుకు. అందుకు అది తీసుకునే కరెంటు సుమారు 1.6 కిలోవాట్లు. 230 వోల్టుల దగ్గర అది ఏడు ఆంపియర్లు. ఇంతేనా అనిపిస్తుంది. 16 ఆంపియర్ల సాకెట్ ఉంది కదా అనిపిస్తుంది.

ఆ ఏడు ఆంపియర్లు మామూలు రోజు లెక్క. 47 డిగ్రీల మధ్యాహ్నం బయటి యూనిట్ తన వేడిని వదల్లేక కంప్రెసర్ ఎక్కువ కష్టపడుతుంది, ఆంపియర్లు పెరుగుతాయి. అదే గంటలో వీధిలో అన్ని ఏసీలూ నడుస్తుంటాయి కాబట్టి వోల్టేజీ పడిపోతుంది. పని అంతే ఉండి వోల్టేజీ తగ్గితే ఆంపియర్లు మళ్లీ పెరుగుతాయి. అప్పటికే గోడ కాగి ఉంటుంది. మనం వాడే పీవీసీ వైరు లోపలి రాగి 70 డిగ్రీలు దాటకూడదు. చుట్టూ ఉన్న గోడే 45 డిగ్రీలుంటే తీగకు మిగిలిన జాగా ఎంత? ఈ మూడు కష్టాలూ ఒకే గంటలో కలిసి వస్తాయి. ఆ గంట కోసం వైరు కొనాలి. సాయంత్రం చల్లబడ్డాక నడిచే ఏసీ కోసం కాదు.

గోడలో పైపుగుండా పోయే రాగి వైరు 1.5 స్క్వేర్ ఎమ్ఎమ్‌ది సుమారు 13 ఆంపియర్లు, 2.5ది 18, 4ది 24 ఆంపియర్లు మోస్తుంది. ఒకటిన్నర టన్నులకు 4 స్క్వేర్ ఎమ్ఎమ్ రాగి వైరు మెయిన్ బోర్డు నుంచి నేరుగా, మధ్యలో ఎక్కడా అతుకు లేకుండా, ఇంకే సాకెట్‌కీ పంచకుండా లాగాలి. పాత మేస్త్రీలు 3/20, 7/20 అని గేజి లెక్కన చెబుతారు. 3/20 అంటే సుమారు 2 స్క్వేర్ ఎమ్ఎమ్, 7/20 అంటే నాలుగున్నర. మాట ఏదైనా వైరు చుట్ట మీద ఐఎస్ 694 అన్న అచ్చు, ఐఎస్ఐ గుర్తు ఉన్నాయో లేదో మీ కళ్లతో చూసుకోండి.

లావు తీగ వల్ల లాభం కాగితం మీద వేసి చూడండి. బోర్డు నుంచి ఏసీకి 20 మీటర్ల దూరముంటే కరెంటు పోయి రావడానికి 40 మీటర్ల తీగ. ఎనిమిది ఆంపియర్లు పారితే 1.5 స్క్వేర్ ఎమ్ఎమ్ వైరులో 34 వాట్ల దాకా వేడిగా మారిపోతుంది. 4 స్క్వేర్ ఎమ్ఎమ్‌లో 13 వాట్లు. ఆ తేడా మీ గోడలో ఉంటుంది, మీ బిల్లులోనూ ఉంటుంది.

ఇక ఎంసీబీ, అంటే కరెంటు ఎక్కువైతే తనంతట తానే పడిపోయే స్విచ్చి. దీని గురించిన అపోహ తీరకపోతే మిగతా ఏదీ అర్థం కాదు. ఎంసీబీ ఉన్నది ఏసీని కాపాడటానికని చాలామంది అనుకుంటారు. అది కాపాడేది తీగను. కాబట్టి దాని అంకె తీగ మోయగలిగిన దానికన్నా తక్కువుండాలి. 4 స్క్వేర్ ఎమ్ఎమ్ వైరుకు 20 ఆంపియర్ల సి రకం ఎంసీబీ సరిపోతుంది. సి రకం ఎందుకంటే, పాత పద్ధతి కంప్రెసర్ మొదలయ్యే క్షణంలో మామూలుకు నాలుగైదు రెట్లు లాగుతుంది. ఆ ఒక్క ఊపుకు పడిపోకుండా ఆగి చూసేది సి రకం. పడిపోతోందని 20 తీసి 32 పెట్టించుకోవడం, పింగాణీ ఫ్యూజులో లావు తీగ చుట్టడం రెండూ ఒక్కటే.

ఎంసీబీకి కనపడనిది

ఏసీ వైరింగులో అన్నిటికన్నా ఎక్కువ ముంచేది వదులు స్క్రూ. దీన్ని ఎంసీబీ పట్టుకోలేదు, నేలకు కారే కరెంటును పసిగట్టే ఆర్‌సీసీబీ కూడా పట్టుకోలేదు. సాకెట్ వెనక ఒక స్క్రూ సరిగ్గా బిగలేదనుకోండి. అక్కడ 0.4 ఓముల అడ్డు ఏర్పడిందనుకోండి. ఎనిమిది ఆంపియర్లు పారితే పోయేది మూడు వోల్టులే. ఏసీ చక్కగా నడుస్తుంది, గది చల్లబడుతుంది, ఇంట్లో అందరూ నిద్రపోతారు. కానీ ఆ స్క్రూ దగ్గర 25 వాట్ల వేడి పుడుతోంది. రేడియో రిపేరు చేసేవాళ్లు తగరం కరిగించే సోల్డరింగ్ కడ్డీ కూడా 25 వాట్లదే. ప్లాస్టిక్ సాకెట్ వెనక, గాలి ఆడని గూట్లో, రాత్రంతా వెలిగించి వదిలిన సోల్డరింగ్ కడ్డీ అది. కరెంటు పెరగలేదు కాబట్టి ఎంసీబీకి తెలియదు. నేలకు కారలేదు కాబట్టి ఆర్‌సీసీబీకి తెలియదు.

దీనికి మందు మనిషి చెయ్యే. పలుచటి పోగులున్న వైరును అలాగే మెలితిప్పి స్క్రూ కింద దూర్చకుండా కొసకు లగ్గు వేసి నొక్కించాలి. బిగించాక ఒక్కో తీగనూ పట్టుకుని గట్టిగా లాగి చూడాలి. ప్లగ్గు సాకెట్ బదులు ఏసీ కోసమే అమ్మే ఎంసీబీ పెట్టెలోకి తీగను నేరుగా బిగిస్తే వదులయ్యే చోటు ఒకటి తగ్గుతుంది. ఎక్స్‌టెన్షన్ బోర్డు మీద ఏసీ నడపడం మాత్రం ఒక్క రాత్రికి కూడా వద్దు.

హైదరాబాద్ గుల్జార్ హౌజ్ దగ్గర 2025 మే 18 ఉదయం జరిగింది తలుచుకోకుండా ఈ భాగం దాటలేను. పాత ఇంట్లో మంటలు లేచి 17 మంది పోయారు. వాళ్లలో ఎనిమిదిమంది పిల్లలు. విద్యుత్ షార్ట్ సర్క్యూటే కారణమై ఉంటుందని అధికారులు ప్రాథమికంగా చెప్పారు. బయటపడే దారి ఇరుకు. పాత గోడల్లో కొత్త బరువులు మోస్తున్న ఇళ్లు చార్మినార్ దగ్గరా ఉన్నాయి, మన ఖరగ్‌పూర్ గోల్‌బజార్ దగ్గరా ఉన్నాయి.

ఎర్రమట్టి ఏమంటోంది

ఖరగ్‌పూర్ నిలబడింది లేటరైట్ నేల మీద. గులకరాళ్ల ఎర్రమట్టి. వానాకాలంలో నీళ్లు తాగుతుంది, ఎండాకాలంలో ఇటుకలా గట్టిపడుతుంది. మట్టి ఎండితే కరెంటును లోపలికి తీసుకునే గుణం తగ్గుతుంది. మార్చిలో బాగున్న ఎర్తు మే నెలలో అంత బాగుండదు. ఏసీ రాత్రింబవళ్లు నడిచేది మేలోనే.

దీని అర్థం ఏమిటో చూద్దాం. ఏసీ లోపల ఫేజు తీగ పైతోలు ఊడి ఇనప పెట్టెకు తగిలిందనుకోండి. ఆ కరెంటు ఎర్తు తీగ మీదుగా నేలలోకి పోవాలి. ఎర్తు గుంత అడ్డు 10 ఓములుంటే పారేది 23 ఆంపియర్లు. 20 ఆంపియర్ల ఎంసీబీకి అది చిన్న ఓవర్‌లోడు మాత్రమే. గంట దాకా పడిపోకపోవచ్చు, అసలు పడకపోవచ్చు. అడ్డు 30 ఓములైతే పారేది ఏడున్నర ఆంపియర్లు. ఎంసీబీకి అది ఇంకో ఏసీ నడిచినట్టు కనిపిస్తుందంతే. ఈ లోపల ఏసీ పెట్టె మీద దాదాపు పూర్తి వోల్టేజీ కూర్చుని ఉంటుంది. బయటి యూనిట్ ఇనప స్టాండుకూ, స్టాండు కిటికీ గ్రిల్లుకూ తగిలి ఉంటే గ్రిల్లు కూడా అంతే. ఆ గ్రిల్లుకు తాడు కట్టి బట్టలారేసే ఇళ్లు ఎన్నో.

ఇక్కడే ఆర్‌సీసీబీ కావాలి. ఫేజులో వెళ్లిన కరెంటు, న్యూట్రల్‌లో తిరిగొచ్చిన కరెంటు సమానమా కాదా అని అది నిరంతరం చూస్తుంది. 30 మిల్లీఆంపియర్ల తేడా వస్తే సెకనులో మూడో వంతు కూడా పట్టకుండా సప్లై తెంపేస్తుంది. ఎర్తు ఎంత పాడై, 100 ఓముల అడ్డు ఉన్నా 2.3 ఆంపియర్లు కారతాయి. ఆర్‌సీసీబీకి అది డెబ్బై రెట్లు ఎక్కువ. ఎర్రమట్టి నేల మీద ఆర్‌సీసీబీ లేని ఏసీ వైరింగు పూర్తయినట్టు కాదని నా గట్టి అభిప్రాయం. ఇన్వర్టర్ ఏసీ అయితే 'టైప్ ఏ' ఆర్‌సీసీబీ అడిగి తీసుకోవాలి. మామూలు 'టైప్ ఏసీ' ఆర్‌సీసీబీ ఇన్వర్టర్ బోర్డుల నుంచి కారే కరెంటును సరిగా పట్టలేకపోవచ్చు. ఒక్కటి గుర్తుంచుకోండి. ఆర్‌సీసీబీ ఓవర్‌లోడును చూడదు, ఎంసీబీ కారే కరెంటును చూడదు. రెండూ ఉండాలి.

ఆర్‌సీసీబీ ఉంది కదా అని ఎర్తు గుంత మానెయ్యకూడదు. ఎర్తు లేకపోతే కారిన కరెంటు పోవడానికి దారి మన ఒళ్లే. అది పడిపోయేది మనం ముట్టుకున్నాకే. 40 ఎమ్ఎమ్ జీఐ పైపు రెండున్నర మీటర్ల లోతుకు దింపి, చుట్టూ బొగ్గూ ఉప్పూ పొరలుగా వేసి, పైన నీళ్లు పొయ్యడానికి గరాటు వదలడం పాత పద్ధతి. ఇప్పటికీ పనికొచ్చే పద్ధతి. ఎండాకాలంలో వారానికోసారి ఆ గరాటులో రెండు బకెట్ల నీళ్లు పొయ్యండి. అడ్డు ఎక్కువుంటే కొంచెం దూరంలో రెండో గుంత తవ్వి కలపవచ్చు. ఎర్తు ఎలా ఉందో బల్బు వెలిగించి చెప్పే పరీక్షను నమ్మవద్దు. బల్బుకు పావు ఆంపియరు చాలు, అధ్వాన్నమైన ఎర్తు మీద కూడా వెలుగుతుంది. ఎర్త్ టెస్టర్‌తో ఓముల్లో కొలిచి చెప్పమని అడగాలి.

ఒక దుర్మార్గం గురించి ఇక్కడ చెప్పి తీరాలి. ఎర్తు లేని ఇంట్లో సాకెట్ వెనక న్యూట్రల్‌ని ఎర్తు పిన్నుకు చిన్న తీగతో కలిపేసి, ఎర్తింగు ఇచ్చేశామని చెప్పేవాళ్లున్నారు. బల్బు వెలుగుతుంది, ఇంటివాళ్లు నమ్ముతారు. ఎప్పుడో గాలివానకు స్తంభం దగ్గర న్యూట్రల్ తెగుతుంది. ఆ క్షణాన ఏసీ, ఫ్రిజ్, వాషింగ్ మెషీను ఇనప పెట్టెలన్నీ ఫేజుగా మారతాయి. వైశాఖంలో సాయంత్రాలు హఠాత్తుగా లేచే కాలబైశాఖి గాలులకు తీగలు తెగడం ఈ ప్రాంతంలో ఏటా చూసేదే. మీ సాకెట్ విప్పించి ఆ చిన్న తీగ ఉందేమో చూడండి. ఉంటే ఈ రోజే తీయించండి.

రంగులు, అంకెలు, ఐదు నిమిషాలు

మన గోడల్లో ఎరుపు, పసుపు, నీలం ఫేజులు. నలుపు న్యూట్రల్. పచ్చ ఎర్తు. ఏసీతో వచ్చే కేబుల్లో గోధుమరంగు ఫేజు, నీలం న్యూట్రల్, పచ్చ మీద పసుపు చార ఎర్తు. అంటే మూడు ఫేజుల ఇంట్లో గోడలోంచి వచ్చిన నీలం తీగ కరెంటుది, ఏసీలోంచి వచ్చిన నీలం తీగ న్యూట్రల్. రంగుకు రంగు కలిపితే ప్రమాదం చేతికందినట్టే. రంగు చూడటం మంచిదే, టెస్టర్‌తోనూ మీటర్‌తోనూ తేల్చుకోవడం తప్పనిసరి. ఆ టెస్టర్ కూడా పనిచేస్తోందో లేదో ముందు కరెంటున్న చోట పెట్టి చూసుకుని, తర్వాత ఆపేసిన చోట పెట్టి, మళ్లీ కరెంటున్న చోట పెట్టి చూడాలి. కళ్ల ముందు వెలగని టెస్టర్ కరెంటు లేదని చెప్పడం లేదు, పాడైపోయానని చెబుతోందేమో.

లోపలి యూనిట్, బయటి యూనిట్ మధ్య నడిచే కేబుల్ అతుకుల్లేని ఒకే ముక్కగా ఉండాలి. రెండు చోట్లా టెర్మినళ్ల మీద అంకెలుంటాయి. ఒకటికి ఒకటి, రెండుకు రెండు. ఇన్వర్టర్ ఏసీల్లో ఆ తీగల్లో ఒకటి రెండు యూనిట్లూ మాట్లాడుకునే సిగ్నల్ తీగ. దాని చోట ఫేజు పెడితే కొత్త బోర్డు మొదటి రోజే కాలిపోవచ్చు. కొన్ని మోడళ్లకు సప్లై లోపలి యూనిట్‌కి ఇవ్వాలి, కొన్నిటికి బయటి యూనిట్‌కి. మూత లోపల అంటించిన బొమ్మ చూసే చెయ్యాలి. గోడ రంధ్రం బయటి వైపుకు కొంచెం వాలుగా ఉండాలి. తీగ యూనిట్‌లోకి ఎక్కే ముందు కిందికి ఒక వంపు తిరిగి ఎక్కాలి. అలా ఉంటే వాననీరు ఆ వంపు దగ్గరే బొట్లుగా రాలిపోతుంది. లేకపోతే తీగ పట్టుకుని తిన్నగా టెర్మినళ్ల దాకా వెళుతుంది.

స్విచ్చి ఆపేసినా బయటి యూనిట్ లోపలి కెపాసిటర్లలో కరెంటు నిలిచి ఉంటుంది. మూత విప్పే ముందు సప్లై తెంపి కనీసం ఐదు నిమిషాలు ఆగాలి, మీటర్‌తో చూసుకోవాలి. డిశ్చార్జ్ రాడ్డు వాడే ఊరికి ఈ మాట విడమరిచి చెప్పక్కర్లేదు. ఇప్పుడు వచ్చే ఏసీల్లో ఎక్కువ వాటిలో వాడే ఆర్-32 గ్యాసుకు కొద్దిగా మండే గుణం ఉంది. గ్యాసు కారుతోందన్న అనుమానం వచ్చినప్పుడు స్విచ్చులు వెయ్యకుండా, కిటికీలు తెరిచి, ఆ తర్వాతే పని చూడాలి.

చలికాలంలో వేడి గాలి కూడా ఇచ్చే ఏసీలు వస్తున్నాయి. ఖరగ్‌పూర్ చలికి వాటి అవసరం తక్కువే. ఇక్కడ చదువుకుని అమెరికాలో స్థిరపడిన మన పిల్లల ఇళ్లలో మాత్రం చాలాచోట్ల అలాంటివే, హీట్ పంపులు, ఉంటాయి. అక్కడి విద్యుత్ కోడ్‌లో నాకు నచ్చిన నియమం ఒకటుంది. బయటి యూనిట్ కనిపించేంత దగ్గరలో దాని సప్లై తెంపే పెట్టె ఉండి తీరాలి. పని చేస్తున్న మనిషి కళ్ల ముందే స్విచ్చి ఉంటుంది. అతనికి తెలియకుండా లోపలి నుంచి ఎవరూ కరెంటు వెయ్యలేరు. మేడ మీద యూనిట్ పెట్టించుకునేవాళ్లు ఇక్కడా అలాంటి పెట్టె ఒకటి, వాన తగలనిది, పెట్టించుకోవచ్చు. అంతవరకూ మెయిన్ బోర్డులో ఏసీ ఎంసీబీ దించి, దాని మీద టేపు అంటించి, ఇంట్లో అందరికీ చెప్పి పైకెక్కడమే దారి.

బిగింపు అయిపోయాక మనిషిని వెంటనే పంపెయ్యకండి. టీ ఇచ్చి కూర్చోబెట్టండి. ఏసీని అతి తక్కువ డిగ్రీలకు పెట్టి గంట నడవనివ్వండి. క్లాంప్ మీటర్‌తో ఆంపియర్లు కొలిపించి, మూత మీది అంకెతో పోల్చండి. ఎంసీబీ పెట్టె, సాకెట్, ప్లగ్గు పైభాగాలు ముంజేతి వెనక వైపుతో తాకి చూడండి. గోరువెచ్చన ఉండొచ్చు, వేడిగా ఉంటే విప్పించాల్సిందే. ఆర్‌సీసీబీ మీద టి అని రాసిన బటన్ అతని ముందే నొక్కండి. ఠక్కున పడిపోవాలి. నెలకోసారి మీరే నొక్కండి. కంప్రెసర్ అదురుకు స్క్రూలు నెమ్మదిగా వదులవుతాయి కాబట్టి ఏటా ఎండలు ముదరక ముందు, మార్చిలో, సప్లై ఆపించి ఒక్కో స్క్రూ మళ్లీ బిగించమనండి.

ఖరగ్‌పూర్ వర్క్‌షాపులో పీరియాడికల్ ఓవర్‌హాలింగ్ అయి బయటికొచ్చే ప్రతి బోగీ మీదా ఎప్పుడు పని జరిగిందో, మళ్లీ ఎప్పుడు రావాలో తేదీలు పెయింటుతో రాసి ఉంటాయి. మీ మెయిన్ బోర్డు తలుపు లోపలి వైపు కూడా మార్కర్ పెన్నుతో అలాగే రాయించండి: ఏసీ లైను, 4 స్క్వేర్ ఎమ్ఎమ్ రాగి, సి 20 ఎంసీబీ, ఆర్‌సీసీబీ 30 మిల్లీఆంపియర్లు, ఎర్తు ఇన్ని ఓములు, పని చేసిన తేదీ, మళ్లీ చూడాల్సిన తేదీ.